కిటికీలోంచి చెయ్యి

"స్విచ్చి నొక్కితే లైటు వెలుగుతుంది కదండీ. ఎందుకా అవస్థ?" అంది లెక్కల టీచర్.

స్కోరర్ వినిపించుకోలేదు. మైదానం మధ్యలో అంపైర్ ఫోర్ అని చెయ్యి ఊపుతున్నాడు. స్కోరర్ కుర్చీలోంచి లేచి, కిటికీలోంచి కుడిచెయ్యి మొత్తం బయటపెట్టి పైకెత్తాడు. అది చూశాకే అంపైర్ తర్వాతి బంతి వెయ్యనిచ్చాడు. పద్ధతి అదే. సైగ అందిందని స్కోరర్ల గది జవాబిచ్చేదాకా ఆట ముందుకి సాగకూడదు.

"లైటు ఎవరైనా వెయ్యొచ్చమ్మా," అన్నాడాయన ఆయాసపడుతూ. "ఈ చెయ్యెత్తే పని మాత్రం నాకొదిలెయ్యండి."

నాలుగు చిన్న దేశాల ఇరవై ఓవర్ల టోర్నీ అది. గెలిచిన జట్టు పైటోర్నీకి వెళ్తుంది. ఆడేవాళ్ళలో కరెంటు పనివాళ్ళున్నారు, పంతుళ్ళున్నారు, సెలవివ్వకపోతే ఉద్యోగం మానేసి వచ్చిన వంటాయన ఒకడున్నాడు. చూడ్డానికొచ్చింది రెండొందల మంది. అందులో సగం ఆటగాళ్ళ చుట్టాలే. ఇవాళ ఫైనల్. ఆతిథ్య జట్టు తరఫున స్కోరు రాసేది ఈయన, వచ్చిన జట్టు తరఫున టీచర్. ఓవర్ అయినప్పుడల్లా ఇద్దరి లెక్కా కలవాలి. గది మరీ అగ్గిపెట్టె. స్కోరర్ పొడగరి కావడంతో లేచినప్పుడల్లా తల కప్పుకి కొట్టుకుంటోంది.

విరామంలో ఆయన ఫోన్ మోగింది. భార్య. చెవికి ఆనించి పెట్టుకున్నా ఆవిడ మాటలు గదంతా వినబడ్డాయి.

"ఆరింటికల్లా ఆస్పత్రిలో చేరాలి, గుర్తుందా? రేపు పొద్దున గుండె ఆపరేషన్ పెట్టుకుని క్రికెట్టుకి వెళ్ళే మనిషిని మిమ్మల్నే చూశాను."

"ఈ ఒక్క మ్యాచ్ అవగానే వచ్చేస్తానే."

ఆవిడ గొంతు తగ్గింది. "బావగారు ఏమన్నా అన్నారా?"

"అన్నయ్యకి ఉత్తరం పొద్దున్నే అందింది. ఉలుకూ పలుకూ లేదు."

ఫోన్ పెట్టేశాడు. టీచర్ కాసేపు పెన్సిల్ చెక్కుకుంది. విననట్టు నటించడం ఆవిడ వల్ల కాలేదు.

"మీ అన్నగారితో మాటల్లేవా?"

"పదకొండేళ్ళయింది. పనిలో ఆయన చేసిన పొరపాటొకటి నా చేతిమీదుగా కాగితమెక్కింది. రాయకపోతే ఎవరికీ తెలిసేది కాదు. రాశాను. ఆయనకి రావాల్సిన ప్రమోషన్ ఏళ్ళ తరబడి ఆగిపోయింది. నలుగురి ముందూ 'నువ్వు నా తమ్ముడివి కాదు' అనేశాడు."

"ఎక్కడుంటారాయన?"

"దగ్గర్లోనే. కంటికి ఆనుతాడు, మాటే అందదు."

"మళ్ళీ అలాంటిదే వస్తే రాస్తారా?"

"రాస్తానమ్మా. లెక్క లెక్కే. కానీ ముందు ఆయనతో చెప్పి రాస్తాను. అప్పుడా పని చెయ్యలేదు. ఉత్తరంలో అదే ఒప్పుకున్నాను. రేపు బల్లమీద పడుకునేలోపు ఒక్క మాట మాట్లాడమని అడిగాను."

ఆయనకి ఆపరేషన్ అంటే భయం లేదు. ఆ పాత మాటే ఆఖరి మాటయిపోతుందేమోనన్నదే భయం.

కింద అంపైర్లు మైదానంలోకి వస్తున్నారు. ఇద్దర్లో పొడుగాటాయన్ని ఆటగాళ్ళు చాటుగా కొంగ అంటారు. ఆయన గీత దగ్గర ఆగి, జేబులోంచి మడత కాగితం తీసి చదువుకుని, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"కొంగ రూల్సు బట్టీ పడుతున్నట్టుంది," అని నవ్వింది టీచర్. స్కోరర్ నవ్వలేదు. కొత్త పేజీ తిప్పి తేదీ వేసుకున్నాడు.

పంతొమ్మిదో ఓవర్లో ఆతిథ్య జట్టు కెప్టెన్ క్యాచ్ ఇచ్చాడు. కొంగ వేలెత్తాడు. రోజూ బస్సు నడుపుకునే ఆ కెప్టెన్ తల దించుకుని సగం దూరం నడిచాడు. ఇంతలో రెండో అంపైర్ పరుగున వచ్చి కొంగ చెవిలో ఏదో చెప్పాడు. బంతి నేల తాకకుండా నడుము కంటే ఎత్తులో వచ్చిందట, నోబాల్. కొంగ ఒక్క క్షణం నేలకేసి చూసి, కెప్టెన్‌ని వెనక్కి పిలిచి, స్కోరర్ల గదివైపు తిరిగాడు. చేతులు రెండూ గుండెలకి అడ్డంగా వేసి, కుడిచేత్తో ఎడమ భుజం, ఎడమచేత్తో కుడి భుజం తాకాడు. ఇందాక ఇచ్చిన తీర్పు వెనక్కి తీసుకుంటున్నానని ఆ సైగకి అర్థం.

"తప్పు ఒప్పుకునే అంపైర్లు అరుదు," అంది టీచర్, వికెట్ గుర్తు కొట్టేస్తూ.

"ఈయనకి మరీ కష్టం," అన్నాడు స్కోరర్, ఎత్తిన చెయ్యి దించకుండా.

ఆ వికెట్ నిలిచినా ఫలితం దక్కలేదు. ఆతిథ్య జట్టు రెండు పరుగుల దూరంలో ఆగిపోయింది. కెప్టెన్ పిచ్ మీదే కూలబడ్డాడు. గదిలో ఇద్దరి లెక్కా కలిసింది. పక్కన ఓడిన మనిషి ఉన్నాడని టీచర్ తన సంతోషం పైకి కనబడనివ్వలేదు. సంతకాలయ్యాయి. గడియారం ఐదున్నర చూపిస్తోంది. జనం వెళ్ళిపోయారు, రెండో అంపైర్ కూడా వెళ్ళిపోయాడు. స్కోరర్ పెన్నులు ఒక్కొక్కటే సంచిలో వేసుకున్నాడు. ఇంక ఎదురుచూడ్డానికి ఏమీ లేదు.

"ఆగండాగండి," అంది టీచర్. "కొంగ ఏదో సైగ చేస్తున్నాడు."

ఖాళీ మైదానం మధ్యలో ఆయనొక్కడే ఈ గదివైపు తిరిగి నిలబడ్డాడు. చేతులు రెండూ అడ్డంగా భుజాలమీద ఉన్నాయి. కదలడం లేదు. జవాబు కోసం చూస్తున్నాడు.

టీచర్ గాభరాగా పుస్తకం తెరిచింది. "ఆట అయిపోయాక తీర్పు వెనక్కి తీసుకోవడమేంటండీ? కొంపదీసి మా గెలుపు పోతుందా? ఇంతకీ ఇది ఏ బంతికి?"

స్కోరర్ గబుక్కున లేచాడు. తల కప్పుకి ఠపీమని తగిలింది. కళ్ళు తుడుచుకోకుండానే కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, అందినంత ఎత్తుకి ఎత్తాడు.

"పుస్తకం మూసెయ్యండమ్మా," అన్నాడు.

"అది నన్ను తమ్ముడు కాదన్న మాటకి."