బోర్డు ఎక్కిన గట్టయ్య

"బాపూ, బోర్డు నేర్చుకుంటవా?"

గట్టయ్య చేతిలో చాయ్ గ్లాసు ఆగిపోయింది. కొడుకు తనతో మాట్లాడి ఏడాదైంది. ఆ రోజు జూన్ రెండు, రాష్ట్ర అవతరణ సెలవు.

ప్రశాంత్ ఇంజనీరింగ్ చదివి, ఉద్యోగం లేక ఇంట్లోనే ఉన్నాడు. హైదరాబాదు హాస్టల్ నుంచి తెచ్చుకున్న స్కేట్‌బోర్డు మీద సాయంత్రాలు సెంటినరీ కాలనీ పిల్లలకు పాఠాలు చెబుతాడు. పోయిన ఏడాది అతనొక కాగితం తెచ్చాడు. తండ్రి సంతకం పెట్టనన్నాడు. అప్పటి నుంచి మాటల్లేవు.

ఇప్పుడు బాపూ అని పిలిచాక, బొగ్గు బాయిలో పనిచేసే యాభై ఆరేళ్ల గట్టయ్య బోర్డేమిటి, నిప్పుల మీదికైనా ఎక్కేవాడే.

"ముందు బూట్లు. బాయి బూట్లు పనికిరావు. అడుగు చదునుగ ఉండాలె."

ప్రశాంత్ తన బూట్లే తొడిగించి, వంగి లేసులు కట్టాడు. గట్టయ్య ఆ వంగిన తలనే చూస్తూ నిలబడ్డాడు.

"హెల్మెట్ పెట్టు. తల జాగ్రత్త."

పక్క క్వార్టర్ ఎల్లేశం గోడ మీంచి తొంగి చూశాడు.

"ఏందే గట్టన్నా, రిటైరయ్యే యాళ్లకు సర్కసుల చేరుతున్నవా? ఒరే ప్రశాంతూ, పోరగాండ్లకు నడుముకు, మోకాళ్లకు ప్యాడ్లు కడతవు గద. బాపుకు కట్టవా?"

"వాళ్లకు భయం కాకా. బాపుకు భయమేంది?"

"ముప్పై ఏండ్లు బాయిల చేసిన. గోరు గూడ ఊడలే," అన్నాడు గట్టయ్య ఛాతీ విరిచి. తర్వాత మెల్లగా అడిగాడు. "పడితే ఎట్లరా?"

"పడుడు గూడ నేర్చుకోవాలె. చేతులు ఆనియ్యొద్దు. మణికట్టు విరిగితే నెలన్నరల అతుకుతది, అది లెక్క గాదు. కూసున్నట్టు పడాలె."

రోజూ షిఫ్టు అయ్యాక పాఠం. రెండు వారాలకు గట్టయ్య బోర్డు మీద నిలబడ్డాడు. మూడో వారం ప్రశాంత్ అతన్ని వాటర్ ట్యాంకు దగ్గరి వాలుకు తీసుకుపోయాడు. వెనుక చక్రాల మీదే కిందికి దిగాలి.

"ముందు కొస లేపు బాపూ. వెనక్కి వాలు. ఇంకా వాలు. నేనున్న."

గట్టయ్య వాలాడు. చెప్పినట్టే, కూర్చున్నట్టు పడ్డాడు.

వెన్నుపూస విరిగిందని, ఇక బాయి దిగలేడని దవాఖానలో డాక్టరు చెప్పాడు. ప్రశాంత్ మంచం పక్కన కూర్చుని ఏడ్చాడు.

"నీ తప్పు లేదు బిడ్డా. నువ్వు మంచిగనే నేర్పినవ్. నాకే రాలే."

గట్టయ్యే మళ్లీ అన్నాడు.

"ఆ కాగితం తే. నేను అన్‌ఫిట్ అని రాసిస్తే నా కొలువు నీకిస్తరన్నవ్. మంచిగున్నోన్ని, అబద్ధం ఎట్ల రాయాలన్న. ఇప్పుడు అబద్ధం గాదు గద."

ప్రశాంత్ కళ్లు తుడుచుకున్నాడు. సంచిలోంచి టైపు చేసిన కాగితం తీసి చదివి వినిపించాడు.

"నడుము విరిగి బాయి పనికి పనికిరానందున నా ఉద్యోగం నా కుమారునికి ఇప్పించగలరు."

గట్టయ్య పెన్ను అందుకున్నాడు. అతనికి చదవడం రాదు. సంతకం వచ్చు, అంకెలు వచ్చు.

సంతకం చోటు వెతుకుతూ, కాగితం పైన టైపు చేసి ఉన్న తేదీ అంకెలను కూడబలుక్కున్నాడు: రెండు, ఆరు. కొడుకు మళ్లీ బాపూ అని పిలిచిన రోజు, జూన్ రెండు.