అట్ట తుపాకి

“ఎవరన్న జూస్తే ఏమైతదో ఎరుకేనా నీకు? ఎదురింటోళ్లు పోలీసులకు ఫోన్ కొడ్తరు. జీపొస్తది. నిన్ను, నన్ను, మంచంల ఉన్న మీ తాతను గూడ ఎక్కించుకపోతరు.”

అంటూనే ప్రమీల బాల్కనీ తలుపు మూసింది. చాలదన్నట్టు తెర కూడా లాగింది.

కూతురు మనోజ్ఞ హాల్లో నేల మీద కూర్చుని రైఫిల్ తయారు చేస్తోంది. బట్టల తాన్లు చుట్టే అట్ట గొట్టమే దాని బారెల్. మిగతా ఒళ్లంతా చీరల డబ్బాలు కోసి అతికించింది. వాళ్లుండే పర్వత్ పాటియాలో ఏ బట్టల మార్కెట్ వెనక్కి వెళ్లినా ఇవి ఊరికే దొరుకుతాయి. కానీ నల్లరంగు పూసేసరికి, చూసినవాడు ఒక్క క్షణం ఆగాల్సిందే.

“అట్టనే కద మమ్మీ. టెన్షన్ ఎందుకు?”

“అట్టని పోలీసులకు ఎవలు జెప్తరు? వాళ్లు కాల్చినంక నువ్వు జెప్తవా?”

మనోజ్ఞ నవ్వింది. పక్కనే మంచం మీద తాత బుచ్చిరాములు నవ్వలేదు. పక్షవాతం వచ్చినప్పటి నుంచి ఆయన నోట ఒక్క మాట లేదు. చెయ్యి కదులుతోంది, చెప్పింది తెలుస్తోంది, అంతే. ఇష్టమైన సంగతులు మాట్లాడుతూ ఉండమనీ, ఒక్క మాట బయటపడితే మిగతావి వాటంతటవే వస్తాయనీ అడాజన్‌లోని తెలుగు డాక్టరు చెప్పాడు. ప్రమీల మామకు దేవుళ్ల కథలు చెప్పింది. చుట్టాల సంగతులు చెప్పింది. చేపల పులుసు వండి, ఎట్లుందో చెప్పమని బతిమాలింది. ఆయన పైకప్పు వైపే చూశాడు. ఇక ఈ జన్మకు మాట్లాడడేమోనని ఆమెకు బెంగ పట్టుకుంది.

“మిలటరీల తుపాకులు బాగుజేసిన మనిషికి చేపల పులుసు గురించి జెప్తే ఏం పలుకుతడు?” అంది మనోజ్ఞ. “దీపావళి తుపాకి గూడ లోపల జూసుకోకుంట నా చేతికిచ్చెటోడు కాదు. తాతకు తుపాకులంటే గంత ఇష్టం.”

“ఇష్టమో, ఏందో. బీపీ పెరిగితే మళ్ల దవాఖానకు ఉరకాలె.”

మనోజ్ఞ వినిపించుకోలేదు. రైఫిల్ ఒళ్లో పెట్టుకుని మంచం దగ్గరికి జరిగింది.

“తాతా, ఇను. పాత రైఫిల్ గుండు కిలోమీటరు దాటి పోయేదంట. కానీ యుద్ధంల కొట్టుకునేది మూడు నాలుగు వందల మీటర్లలనే. మరి గంత పెద్ద గుండెందుకు? జర్మనీవాళ్లు దాన్ని పొట్టి జేసిన్రు. బరువు తగ్గింది, ఎక్కువ మోయొచ్చు, వరస బెట్టి కాల్చొచ్చు. అవునా?”

బుచ్చిరాములు పైకప్పు మీది నుంచి చూపు దించాడు.

“రష్యావాళ్లేమో లోపలి సామాను జర వదులు పెట్టిన్రు. ఇసుక దూరినా, బురద దూరినా ఆగదు. అమెరికావాళ్లు ప్లాస్టిక్, అల్యూమినియం పెట్టి తేలిక జేసిన్రు. వియత్నాం అడవిల అది ఇరుక్కున్నది. దాన్ని తుడిచే సామాను గూడ సిపాయిలందరికి ఇయ్యలేదంట. ఇంట్ల పోపుడబ్బ తుడిచినంత గూడ తుడవకపోతే ఎట్ల?”

“నా పోపుడబ్బ జోలికి రాకు,” అంది ప్రమీల.

మనోజ్ఞ చేసింది ఆ రష్యా రైఫిల్ నమూనానే; గుండ్లు పెట్టే వంపు తిరిగిన అట్ట మేగజీన్ తీసుకుని దాని కిందికి నిటారుగా నెట్టింది. పట్టలేదు. మళ్లీ నెట్టింది. దుప్పటి మీద తాత చెయ్యి కదిలింది. వేళ్లు ముందుకు వంగి దేనినో తగిలించినట్టు ఆగి, వెనక్కి లాగాయి.

“ముందు కొన తగిలించి వెనక్కి గుంజాల్నా?” అలాగే చేసింది. మేగజీన్ కూర్చుంది. “మమ్మీ, జూసినవా!”

ప్రమీల చూసింది. గుండె ఒక్కసారి ఎగిరింది. వెంటనే భయం కూడా వేసింది. మామ మొహం ఎర్రబడింది, మెడ నరం కొట్టుకుంటోంది.

“తాతా, ఏదన్న ఒక్క మాట. తప్పు జెప్తే తిట్టు.”

పెదవులు కదిలాయి. గాలి తప్ప ఏమీ రాలేదు. ఆయన కళ్లు మూసుకున్నాడు. మనోజ్ఞ తల వంచుకుంది.

అంతలో డోర్‌బెల్ మోగింది.

“అయిపాయె, వచ్చిన్రు,” అంది ప్రమీల. ఒక్క ఉదుటున రైఫిల్ లాక్కుంది. సోఫా కింద దూర్చబోతే పట్టలేదు. బీరువా వైపు తిరిగింది, దారికి మనోజ్ఞ అడ్డం ఉంది.

“జరుగు, జరుగు!”

“పక్కింటి హంసాబెన్ అయ్యుంటది మమ్మీ, గిన్నె ఇయ్యనీకె.”

“జరుగంటున్న గద!” రైఫిల్ మొన కూతురి గుండెకు ఆనుకుని ఉంది. ప్రమీల చూపుడువేలు ట్రిగ్గర్ మీద ఉంది.

“వేలు!”

ఇద్దరూ తలలు తిప్పారు. బుచ్చిరాములు మోచేతి మీద లేచి ఉన్నాడు. చూపు ప్రమీల వేలి మీదే ఉంది.

“వేలు... తియ్యి. బిడ్డ మీదికెల్లి... తిప్పు.”

ప్రమీల గబుక్కున వేలు తీసింది. మొన నేలకు దించింది. అప్పటికి గాని తను విన్నదేమిటో ఆమెకు అర్థం కాలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. నవ్వూ వచ్చింది. పొద్దుటి నుంచి తను ఒప్పుకోని మాటే ఆమె నోట్లోంచి వచ్చింది.

“మామా... ఇది అట్టనే కద?”

బెల్ మళ్లీ మోగింది. ఎవరూ కదల్లేదు. మనోజ్ఞ మంచం పట్టె గట్టిగా పట్టుకుంది. ఆయన మాటను ఎక్కడో లోపలి నుంచి లాగుతున్నట్టు దవడ బిగించాడు, వదిలాడు, మళ్లీ బిగించాడు. ఇంక రాదేమోనని ప్రమీల అనుకుంటుండగా బుచ్చిరాములు జవాబిచ్చాడు.

“అట్టైతేంది... లోపల ఖాళీగున్నదని జూసినవా?”