అరవై రెండు గంటలు

"పదికి రెండు మార్కులే వేస్తాను. ఉద్యోగంలోంచి నన్ను మెడపట్టి గెంటినవాడు తయారుచేసిన వీడియో గేమ్ ఇది!" రివ్యూలు రాసే తమ్ముడు కంట్రోలర్‌ని సోఫా మీదకి విసిరేశాడు.

పత్రిక నడిపే అక్క అతను రాసిన రివ్యూ కాగితం చదివింది. "లోపాలు పదకొండు రాశావు. బాగున్నవేవిరా?"

"ఒక్కటీ లేదు. కెమెరా గోడల్లో దూరుతుంది, గుర్రం మెట్ల మీద ఇరుక్కుంటుంది. వాడి పరువు బజారున పడితేగానీ నా కసి తీరదు."

"సరే, అచ్చేద్దాం. ఎన్ని గంటలు ఆడావో రివ్యూ కింద వేయడం మన పద్ధతి కదా."

ఆమె టీవీ తెర మీద ఆడిన గంటల లెక్క తెరిచింది. ఆటలోని కథ ఇరవై గంటల్లో ముగిసింది. తమ్ముడు ఆడింది అరవై రెండు.

"కథ అయిపోయాక కూడా నలభై రెండు గంటలు ఏం చేశావురా?"

తమ్ముడు తల దించుకున్నాడు.

"ఆ గుర్రమెక్కి ఊరికే తిరిగానక్కా. అందుకే వాడంటే ఇంకా ఒళ్లు మండుతోంది."