స్టెప్నీ అనకూడదు

కారు కొట్టేయడానికి బెన్హర్ ముందు ఇంగ్లీషు నేర్చుకోవలసి వచ్చింది.

అంతా సాలూరు బైపాసు దగ్గర టీ కొట్లో మొదలైంది. పేపరు చాటున పునుగులు తింటూంటే వెనక బల్ల మీద ఒక పెద్దాయన గొంతు తగ్గించి ఫోనులో మాట్లాడుతున్నాడు. "తెల్లదొరల నాటి కారండీ. ఇక్కడోళ్ళకిస్తే తుక్కు కింద కొట్టీస్తారు. అమెరికా మ్యూజియమోళ్ళు ఎవులైనా వస్తే ఊరికే ఇచ్చీమంటాది మా ఆవిడ. ఊళ్ళో ఎవులికీ సెప్పకండి" అని ఇంటి గుర్తులు కూడా చెప్పాడు. ఆ తర్వాత బెన్హర్‌కి పునుగుల సంగతే గుర్తులేదు.

సినిమా షూటింగులకి పాత కార్లు కొనే ఆసామి ఒకడు విశాఖలో ఉన్నాడు. కాగితాలు అడగడు. ఇక కావలసిందల్లా ఒక అమెరికా మనిషి.

వేషాలు బెన్హర్‌కి కొత్త కాదు గానీ అచ్చిరాలేదు. కిందటేడు పార్వతీపురంలో దుబాయ్ షేకుగారి మేనేజరునని చెప్పి, అందరికీ సలాం పెట్టి, ఆఖర్న చర్చి అలవాటుకొద్దీ "వందనాలండీ" అనేశాడు. ఆరు నెలలు లోపలేశారు. అందుకే ఈసారి భార్య ప్రిస్కిల్లా అమెరికా మాటలన్నీ ఫోనులో వెతికి నోటుపుస్తకంలో రాసింది. రోజూ వంట చేస్తూ అప్పజెప్పించుకునేది.

"డిక్కీ?"

"ట్రంక్."

"బానెట్టు?"

"హుడ్."

"సైలెన్సరు?"

"మఫ్లర్."

"స్టెప్నీ?"

"స్టెప్నీని స్టెప్నీ అనక ఇంకేటంటారే?"

ప్రిస్కిల్లా అట్లకాడ ఎత్తింది. "స్పేర్ టైర్! అమెరికాలో స్టెప్నీ అంటే ఎవుడికీ తెలీదట. నువ్వు మళ్ళీ దొరికినావంటే నాను బొబ్బిలి మా అమ్మ కాడికి ఎల్లిపోతాను, సూడు."

జైలు కూడు తినడం బెన్హర్‌కి అలవాటే. ఆమె లేని ఇంట్లో అడుగు పెట్టడమే అతని వల్ల కాదు. నెల్లాళ్ళు లారీని ట్రక్కనీ, పెట్రోలుని గ్యాసనీ నిద్రలో కూడా వల్లించాడు. ఆ నెల్లాళ్ళూ ప్రిస్కిల్లా వంటింట్లో గ్యాస్ బండ అయిపోయిందన్నా ఉలిక్కిపడేవాడు.

శుక్రవారం పొద్దెక్కాక నల్లకళ్ళద్దాలు పెట్టుకుని ఆ ఇంటికి వెళ్ళాడు. పెద్దాయన పేరు జగన్నాధం. ఆయన భార్య జగదాంబ ముప్ఫయ్యేళ్ళు ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరైన టీచరు. ఆ సంగతి తెలియగానే బెన్హర్ నోటుపుస్తకమంతా మనసులో ఒకసారి తిరగేశాడు.

"పదేళ్ళప్పుడు అమెరికా వెళ్ళిపోయానండి. మ్యూజియంలో పని. దారంతా ట్రక్కులే, చాలా లేటైంది" అన్నాడు.

జగదాంబ కళ్ళజోడు సర్దుకుని, షెడ్డులోని కారు మీద గుడ్డ తొలగించింది. "బానెట్టు ఎత్తి సూస్తావా బాబూ?"

"హుడ్ తర్వాత చూస్తానండి."

"ముందద్దం బీటేసింది మరి."

"విండ్‌షీల్డ్ మావాళ్ళు మార్చుకుంటారు."

ఆవిడ తీరిగ్గా కారు వెనక్కి నడిచింది. "ఒక్కటే లోపం. స్టెప్నీ పోనాది."

బెన్హర్ కళ్ళ ముందు అట్లకాడ కదిలింది. "స్పేర్ టైర్ కదా, ఏం పరవాలేదండీ" అన్నాడు.

గుమ్మంలో నిలబడ్డ జగన్నాధం తువ్వాలుతో చెమటలు తుడుచుకుంటూనే ఉన్నాడు. ఇన్నాళ్ళున్న కారు ఇల్లు దాటుతోందని పాపం బెంగ కాబోలు, అనుకున్నాడు బెన్హర్. కాగితాలు వారంలో పోస్టులో పంపుతామని జగదాంబ అంటే బుద్ధిగా తలూపాడు.

సాలూరులో నిమ్మకాయ తొక్కించకుండా ఏ బండినీ గుమ్మం దాటించరు. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి, హారతిచ్చి, తాళాలు చేతిలో పెట్టింది జగదాంబ. కారు రామభద్రపురం రోడ్డెక్కింది. ఒక్క మాట కూడా జారలేదు! బెన్హర్‌కి అంత సంతోషం పెళ్ళినాడు కూడా కలగలేదు.

కారు మలుపు తిరగ్గానే జగన్నాధం అరుగు మీద కూలబడ్డాడు. "నిజంగా అమెరికావోడేమోనని నా పేనం పోనాదే!"

"నీ మొకం. మా సెల్లి కోడలు ఇరవై ఏళ్ళు అమెరికాలో ఉన్నాది. సాలూరులో బస్సు దిగగానే 'అత్తా, లారీ వస్తన్నాది, జరుగు' అంటాది. ఈడు ఒక్క మాట తప్పితే ఒట్టు. బట్టీ పట్టినోడే అంత శుద్ధంగా అప్పజెపుతాడు. అలాటోళ్ళని ఎంతమందిని దిద్దినానో!"

"మరి ఆడు దొరికితే, మనమే ఇచ్చినామని సెప్పడా?"

"సెప్పనీ. కట్టుకతలు సెప్పీవోడి మాట ఎవులు నమ్ముతారు?" అంటూ జగదాంబ ఫోను తీసింది. "డాక్టరు బాబూ, నమస్కారం. శ్రీకాకుళం నుంచి మీరు పేపర్లో వేయించిన ప్రకటన సూసినాం. కారునీ దొంగనీ కలిపి పట్టిచ్చినోళ్ళకి లక్ష రూపాయలన్నారు కదా? నల్లకళ్ళద్దాలోడు ఒకడు మీ కారు నడుపుకుంటూ ఇప్పుడే రామభద్రపురం వేపు ఎల్లినాడు. పోలీసులకి ఫోను సెయ్యండి, ఏగిరం."

జగన్నాధం హాయిగా గోడకి చేరగిలబడి కాళ్ళు చాపాడు. "కారు కొట్టీడం ఒక్క పూటలో అయిపోనాదే. టీ కొట్లో ఉత్తుత్తి ఫోన్లు మాటాడి దానికో దొంగని ఎతకడానికే మూడు నెల్లు పట్టీసినాది!"