ఊదాపూల తీగ కింద

మనుషులు కంచె వేసి కాపాడుతున్న సముద్రతీరం అది. తెల్లవారుతుండగా ఒక తాబేలమ్మ ఇసుకతిన్నె మీదికి పాకుతూ వచ్చింది. కడుపు నిండా గుడ్లు. ఎండ ఎక్కేలోగా పెట్టేయాలి.

బొరియ ముందు కూర్చున్న పీతయ్య డెక్క అడ్డం పెట్టాడు.

"ఏమ్మా, ఎవరి తాలూకు?"

"ఈ ఇసుక తాలూకే. ఇక్కడే పుట్టాను."

"పుడితే? ఏనాడో వెళ్లిపోయినదానివి. మీ ఆయన్ని పిలు, మాట్లాడతాను."

"మా మగవాళ్లు ఒకసారి నీళ్లలో దిగితే మళ్లీ గట్టెక్కరు నాయనా. దారి గుర్తుంచుకునేది మేమే."

"ఏమిటో ఆ గుర్తు?" పీతయ్య నవ్వాడు.

తాబేలమ్మ ఇసుకలో ముక్కు పెట్టింది. అదే చల్లదనం, అదే ఊదాపూల తీగ. నాణెమంత ఉన్నప్పుడు అక్కచెల్లెళ్లంతా ఆ తీగలో చిక్కుకుని, విడిపించుకుని, అలల వైపు పరుగెత్తారు. వాళ్లలో ఎందరు మిగిలారో! కళ్లు తడుస్తుండగానే ఆమె వెనక కాళ్లతో గొయ్యి తవ్వి, గుడ్లు పెట్టి, కప్పేసింది.

ఎగిరిన ఇసుకకు పీతయ్య బొరియ పూడిపోయింది.

"అయ్యో, నా ఇల్లు!"

"తవ్వుకో నాయనా," అంది తాబేలమ్మ నీటివైపు తిరుగుతూ. "పుట్టినచోట నాకూ ఎవరూ ఇల్లు కట్టి ఉంచలేదు."