చావని కణాలు

"మళ్ళీ బతికే ఉన్నాయి," అంది పరిశోధకురాలు, మైక్రోస్కోపు మీంచి తల ఎత్తకుండానే.

పక్క బల్ల దగ్గర కూర్చున్న కళ్ళజోడు సహపరిశోధకుడు నవ్వాడు. "మొండి ఘటాలు. నీకు సరిజోడే."

"నవ్వకు. ఈ నెలాఖరుకి ఇవి చావకపోతే నా థీసిస్ అటకెక్కినట్టే."

ఆమె పరీక్షిస్తున్న మందు క్యాన్సర్ కణంలోకి వెళ్ళి పెరాక్సైడ్ అనే ఘాటు రసాయనాన్ని పెంచుతుంది. ఆ ఆక్సీకరణ ఒత్తిడి హద్దు దాటగానే ఒక ప్రొటీన్ నుంచి మరో ప్రొటీన్‌కు కబురు వెళ్తుంది. కబురందిన కణం తనను తానే ముగించుకుంటుంది. తక్కిన రకాలన్నీ అలాగే చచ్చాయి. ఎప్పుడో చనిపోయిన ఎవరో రోగి కణితి నుంచి తీసి పెంచిన ఈ ఒక్క రకం మాత్రం చెక్కుచెదరడం లేదు. ఫ్రీజర్ చెడి నిల్వ పోయాక, అవి మిగిలింది ఒకే ఒక్క ఫ్లాస్కులో.

ఆ ఫ్లాస్కు బాగోగులు ఆమె గైడ్ అయిన ప్రొఫెసరే చూసేది. పోషక ద్రవం తానే కలిపేది, సెలవు రోజున కూడా వచ్చి మార్చేది. అడిగితే ఆ ద్రవంలోనే కొద్దిగా కణాలు తీసి ఇచ్చేది, అంతే.

"అత్తగారి ఇనప్పెట్టె అది," అన్నాడు కళ్ళజోడు గొంతు తగ్గించి. "నీ మందు గెలిస్తే ఆవిడ పాత సిద్ధాంతం పోతుందిగా. తాళంచెవి ఎందుకిస్తుంది?"

ఆ మాట ఆమెను నిద్రపోనివ్వలేదు. ప్రొఫెసర్ సదస్సుకు వెళ్ళగానే ద్రవం సీసా తీసి, మీద రాసి ఉన్నది చదివింది. అందులో పైరువేట్ కలిపి ఉంది. పెరాక్సైడ్‌ను పుట్టీపుట్టగానే మింగేసే పదార్థం! అది లేకుండా వేరే ద్రవం కలిపింది. ఫలితాన్ని ఇంకెవరూ వేలెత్తి చూపకూడదని ఫ్లాస్కులోని కణాలన్నీ పళ్ళేల్లోకి మార్చి మందు వేసింది.

ప్రొఫెసర్ తిరిగొచ్చి భుజాన సంచి దించకముందే ఎదురెళ్ళింది.

"చచ్చిపోయాయి మేడమ్!"

"ఏవి?"

"మీ ఫ్లాస్కులోవి! మందు పనిచేస్తోంది. మీ ద్రవంలోని పైరువేటే ఇన్నాళ్ళూ వాటిని కాపాడింది. పొరపాటున పడి ఉంటుంది..."

"పొరపాటు కాదు."

పరిశోధకురాలి ముఖం ఎర్రబడింది. "అంటే... తెలిసే నా రెండేళ్ళూ..."

"కొన్నయినా మిగిల్చావా?"

"లేదు. అన్నీ వాడేశాను."

ప్రొఫెసర్ మైక్రోస్కోపు ముందు కూర్చుంది. కణాలు ముడుచుకుని, ముక్కలై, తేలుతున్నాయి. చాలాసేపు చూసింది.

"మంచి మందు. నీకు అన్యాయం చేశాను. థీసిస్ రాసుకో, సంతకం పెడతాను."

"అది సరే మేడమ్. చంపాల్సినవాటిని ఎందుకు కాపాడారు?"

ప్రొఫెసర్ మైక్రోస్కోపు దీపం ఆర్పింది.

"ఆ రోగి నా కూతురు."