ఎర్ర కారుకు కొత్త గొంతు

తన కారును ఎవరో దొంగచాటుగా తిప్పుతున్నారని ఆ గురువారం సాయంత్రం ప్రభుకిరణ్‌కు ఖాయమైపోయింది.

పొద్దున కాలేజీకి వెళ్తూ కిలోమీటర్ల మీటరును ఫోన్లో ఫొటో తీసి పెట్టుకున్నాడు. తిరిగొచ్చి చూస్తే అంకె మారింది. పైగా డ్రైవింగ్ సీటు బాగా ముందుకు జరిపి ఉంది. తాళాలు రెండూ మాత్రం బీరువాలో భద్రంగానే ఉన్నాయి. అంటే ఎవడో మూడో తాళం చేయించుకున్నాడన్నమాట.

అది మామూలు కారు కాదు. రెండే సీట్లున్న పాత స్పోర్ట్స్ కారు. హైదరాబాదులో ఒకాయన షెడ్డులో దుమ్ము కొట్టుకుపోతుంటే బతిమాలి కొనుక్కొచ్చి, తన చేతుల్తో ఎర్ర రంగు వేసుకున్నాడు. నరసరావుపేటలో అలాంటిది మరొకటి లేదు. రోజూ కాలేజీకి వెళ్లి పాఠాలు చెప్పి రావడానికి బైకు. కారు బయటికి వచ్చేది ఆదివారమే. దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వడు. తల్లి దేవమ్మ కూడా ఎక్కడికెళ్లినా ఆటోలోనే వెళ్తుంది. నేలబారుగా ఉండే ఆ బండిలో ఎక్కి దిగడం తన మోకాళ్లవల్ల కాదని ఆవిడే చెప్పేది.

అనుమానం ఉపేంద్ర మీదికి పోయింది. చిన్ననాటి స్నేహితుడు, పైవాటాలో అద్దెకుంటున్నాడు. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ కాబట్టి పగలంతా ఇంట్లోనే ఉంటాడు. ఒక్క రౌండు వేసొస్తానని అడిగితే ప్రభుకిరణ్ ఆమధ్య కుదరదన్నాడు. పైగా మనిషి పొట్టి. సీటు ముందుకు లాక్కోకపోతే కాళ్లు అందవు.

ఆ రోజు నుంచి ప్రభుకిరణ్ అతనితో మాట్లాడటం మానేశాడు. మెట్లమీద ఎదురైనా తల తిప్పుకుని పోయేవాడు. ఏమైందో తెలియక ఉపేంద్ర బిక్కమొహం వేసుకుని తిరుగుతుంటే, నటన బాగా నేర్చాడని మరింత ఒళ్లు మండేది. ఈసారి పట్టుకుని నేరుగా పోలీసుల దగ్గరికే తీసుకుపోదామనుకున్నాడు.

"ఇంట్లోనే ఉంటావు కదమ్మా, కారు తీస్తుంటే నీకు వినపళ్లేదా?" అని తల్లిని నిలదీశాడు.

దేవమ్మ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ తల కూడా ఎత్తలేదు. "ఎట్టా వినపడుద్దిరా? చప్పుడు లేకుండా పిల్లిలాగా పోద్ది. గట్టిగా అరిచే బండైతే నేనే బయటికొచ్చి పట్టుకునేదాన్ని."

ఆ మాటతో ప్రభుకిరణ్ బుర్రలో దీపం వెలిగింది. అప్పటికప్పుడు మెకానిక్ కాలేషాను పిలుచుకొచ్చాడు.

కాలేషా బానెట్ ఎత్తి, గాలి పీల్చే చోటు చూపించాడు. "ఈ ఫిల్టరు డబ్బా తీసేసి లావుపాటి పైపేసి, చివర మూత లేని ఫిల్టరు పెడతా. ఇంజనుకి ఊపిరి బాగా ఆడుద్ది, బండి లాగుద్ది. కాకపోతే చానా గోల చేసుద్ది."

"ఆ గోలే కావాల నాకు."

"అమ్మకి చెప్పావా?"

"ఆమె మాట మీదే చేయిస్తన్నా అన్నా."

కాలేషా చేతిగుడ్డతో మొహం తుడుచుకుంటూ అటు తిరిగాడు.

పాత డబ్బా బోల్టులు తుప్పు పట్టి ఒక పట్టాన ఊడి రాలేదు. అవి వచ్చాక కొత్త పైపు బిగించి, ఇంజను వేడి గాలి లోపలికి పోకుండా మధ్యలో రేకు అడ్డం పెట్టాడు. దేవమ్మ టీ తెచ్చిచ్చి, పని అయ్యేదాకా అక్కడే నిలబడి చూసింది. చివరికి కాలేషా ఇంజను ఆన్ చేసి రేజ్ ఇచ్చేసరికి కారు బుస్సున గాలి పీల్చి గర్జించింది. ఎదురింటి గోడ మీది కాకులన్నీ లేచిపోయాయి. దేవమ్మ చెవులు మూసుకుంది. ప్రభుకిరణ్‌కు మాత్రం ప్రాణం లేచొచ్చింది.

మళ్లీ గురువారం కాలేజీకి సెలవు పెట్టి, ఇంట్లో చెప్పకుండా వీధి చివర టీకొట్టులో మాటు వేశాడు. భోజనాల వేళ దాటాక ఇంటి వైపు నుంచి ఆ గర్జన వినిపించింది. పరుగెత్తుకుంటూ వెళ్లేసరికి గేటు బార్లా తీసి ఉంది. కారు లేదు. ఇక ఉపేంద్ర గది ఖాళీగా కనపడటమే తరువాయి అనుకుంటూ మెట్లెక్కి తలుపు బాదాడు.

ఉపేంద్ర లుంగీ సర్దుకుంటూ, నిద్రకళ్లతో తలుపు తీశాడు.

ప్రభుకిరణ్ గుమ్మంలోనే కూలబడి జరిగింది చెప్పాడు, తను అనుమానించిన సంగతితో సహా. ఉపేంద్ర చెప్పులు వేసుకుంటూ, "నిన్ను తర్వాత తిడతాలే, ముందు బండి తియ్యి" అన్నాడు.

బైకు మీద ఇద్దరూ ఆ గోల వెంట పడ్డారు. ఎటు పోయిందని ఎవరినీ అడగాల్సిన పని లేకపోయింది, రోడ్డు పక్క జనమంతా అటే చూస్తున్నారు. వినుకొండ రోడ్డులో పత్తి మిల్లు దాటాక కారు కనపడింది. ఉపేంద్ర వెనక నుంచి కేకలు వేస్తుంటే ప్రభుకిరణ్ హారన్ మోగించాడు. కారు నెమ్మదిగా, ఎంతో పద్ధతిగా సిగ్నల్ వేసి పక్కకు ఆగింది. అద్దం కిందికి దిగింది.

స్టీరింగు ముందు, కొంగు నడుముకు బిగించి, కళ్లజోడు సర్దుకుంటూ దేవమ్మ.

"నీకు డ్రైవింగ్ ఎప్పుడొచ్చిందమ్మా?" అన్నాడు ప్రభుకిరణ్.

"ఈపూరులో మా నాయన ట్రాక్టరు తోలింది ఎవరనుకున్నావు?"

ఉపేంద్ర పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. ప్రభుకిరణ్‌కు కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. ఇంత దూరం వినపడే గోల పెట్టించానని తెలిసి కూడా ఎట్లా తీశావు, దొరికిపోతానని భయం వెయ్యలేదా అని అడిగాడు.

దేవమ్మ ఒకసారి యాక్సిలరేటర్ తొక్కి, ఆ గర్జన చెవులారా విని, తృప్తిగా చెప్పింది: "ఈ పైపు బిగించమని కాలేషాని ఎప్పట్నుంచో బతిమాలతన్నా, నువ్వు చెబితేనేగాని చెయ్యి వెయ్యనన్నాడురా, అందుకే నీచేత చెప్పించా."